‘ఏం కాదులే’ అన్న చోటే కొలవాలి

ముందే చెప్పేస్తున్నా. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు తప్పితే సర్దుకోండి. చదివేది సీఎస్‌ఈ సెకండియర్. అలాంటివాడు ఇంజన్ హెడ్డు గురించి రాయడమేంటని మెకానికల్ బ్రాంచ్ వాళ్లు నవ్వొచ్చు. నవ్వండి, కానీ చివరిదాకా చదివాక నవ్వండి. ఎందుకంటే నేను చెప్పబోయే తప్పులో నా వాటా కూడా ఉంది.

నా అభిప్రాయం రెండు ముక్కల్లో చెప్తా. ఇంజన్‌కి కొత్త హెడ్డు వేసినా, కొత్త క్యామ్ షాఫ్ట్ వేసినా, ఆఖరికి ఉన్న హెడ్డునే లేతు మీద గీయించినా, పిస్టన్‌కీ వాల్వుకీ మధ్య ఎంత ఖాళీ మిగిలిందో కొలవకుండా స్టార్ట్ చేయకూడదు. అది తీరికుంటే చేసే పని కాదు. అది చేయకపోతే ఆ బండి షెడ్డు దాటి బయటికి రాకూడదు.

మూడు రోజులు బాగానే తిరిగింది

మాది మార్కాపురం. చిన్నప్పుడు మీలో చాలామంది బలపం పట్టి అ ఆలు దిద్దిన నల్ల పలక మా ఊరి చుట్టుపక్కల గనుల్లోంచి వచ్చిందే అయ్యుంటుంది. నేను మాత్రం పలక పట్టలేదు. మా స్కూల్లో మొదటిరోజే నోట్‌బుక్ ఇచ్చేశారు.

పెద్దమ్మ వాళ్లది గిద్దలూరు. పెద్దమ్మ కొడుకు, అంటే మా అన్న, డిగ్రీ అయ్యాక అక్కడే ఒక ఎరువుల షాపులో పనిచేస్తున్నాడు. పోయిన వేసవి సెలవుల్లో తన 150 సీసీ బైకుకి ఆన్‌లైన్‌లో ఒక కిట్ బుక్ చేద్దామనుకున్నాడు. పెద్ద వాల్వులున్న హెడ్డు, ఎక్కువ లిఫ్ట్ ఉన్న క్యామ్, గట్టి స్ప్రింగులు, గ్యాస్కెట్లు. “తమ్ముడూ, నువ్వు ఇంజనీరింగ్ కదా, మన బండికి సరిపోద్దో లేదో చూడు” అని ఫోన్ నా చేతికిచ్చాడు.

పేజీ అంతా ఇంగ్లీష్. పైన పెద్దక్షరాల్లో మా బైకు మోడల్ పేరు, పక్కనే ‘డైరెక్ట్ ఫిట్’ అని ఉంది. నేను రెండుసార్లు పైకీ కిందకీ స్క్రోల్ చేసి, “డైరెక్ట్ ఫిట్ అంట అన్నా. ఏం కాదులే” అన్నా. ఇంట్లో అందరికంటే ఇంగ్లీష్ బాగా వచ్చినవాడు చెప్పాడు కాబట్టి ఆ మాట అక్కడితో ఖాయమైపోయింది.

కిట్ వచ్చింది. ఒక షెడ్డులో ఇచ్చాం. బిగించిన కుర్రాడు చురుకైనవాడే, చెయ్యి కూడా మంచిదే. “పికప్ ఇంకొంచెం కావాలంటే హెడ్డు అర మిల్లీ గీయిద్దాం” అన్నాడు. అన్న సరే అన్నాడు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని రీల్స్ చూసుకుంటున్నా. సాయంత్రానికి బండి స్టార్ట్ అయింది. సౌండ్ కూడా మారింది. మూడు రోజులు గిద్దలూరు వీధుల్లో, కంభం రోడ్డు మీద అన్న తిరిగిన తిరుగుడు మామూలుగా లేదు.

నాలుగో రోజు నంద్యాలలో పనుండి ఇద్దరం బయల్దేరాం. దిగువమెట్ట దాటి నల్లమల ఘాట్ ఎక్కుతున్నాం. ముందు లోడు లారీ. దాన్ని దాటేద్దామని అన్న ఒక గేరు తగ్గించి ఫుల్ రేజ్ ఇచ్చాడు. టక్‌మని ఒక్క శబ్దం. ఆ వెంటనే వెనక చక్రం పట్టేసి బండి పక్కకి జారింది. అన్న క్లచ్ నొక్కబట్టి, ఎదురుగా ఏ బండీ రాకపోబట్టి మోకాళ్లు, మోచేతులు గీసుకుపోవడంతో బయటపడ్డాం. రోడ్డు పక్కన కూర్చుని అన్న ఫస్ట్ అడిగిన మాట, “డైరెక్ట్ ఫిట్ అన్నావు కదరా?”

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఒకరకంగా దానికి జవాబే.

“బంకమట్టి పెట్టి చూసినారా?”

బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి మార్కాపురం తెచ్చాం. మా వీధి చివర ఒక పెద్దాయన షెడ్డు ఉంది. నేను తాతా అని పిలుస్తా. ఆయన హెడ్డు దించి చూపించాడు. ఎగ్జాస్ట్ వాల్వు తల కాడ దగ్గర విరిగి, పిస్టన్‌కీ హెడ్డుకీ మధ్య ఇరుక్కుపోయి ఉంది. పిస్టన్ నెత్తి మీద లోతుగా అర్ధచంద్రం లాంటి గాటు. ఇన్‌టేక్ వాల్వు వంగిపోయింది.

తాత తిట్టలేదు. ఒక్కటే అడిగాడు. “బిగించేముందు బంకమట్టి పెట్టి చూసినారా అబ్బయ్యా?”

“బంకమట్టి ఏంటి తాతా?”

“అదే మరి” అని మళ్లీ పనిలో పడిపోయాడు.

ఆ తర్వాత వారం రోజులు రోజూ షెడ్డుకెళ్లి కూర్చున్నా. అక్కడ నాకు అర్థమైంది ఇది.

ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో పిస్టన్ పైకీ కిందకీ ఆడుతుంటుంది. వాల్వులు పైనుంచి పిస్టన్ ఉండే గదిలోకే తెరుచుకుంటాయి. అంటే రెండూ ఒకే చోటుని వేర్వేరు టైముల్లో వాడుకుంటున్నాయి. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు గుద్దుకుంటాయేమో అని నేననుకున్నా. కాదు. అప్పటికి పిస్టన్ చాలా కిందుంటుంది. అసలు ప్రమాదం ఎగ్జాస్ట్ స్ట్రోక్ అయిపోయి ఇన్‌టేక్ మొదలయ్యే సందులో ఉంది. పిస్టన్ పూర్తిగా పైకొచ్చిన ఆ స్థానాన్ని టీడీసీ అంటారు. అప్పటికి ఎగ్జాస్ట్ వాల్వు ఇంకా పూర్తిగా మూసుకోదు. ఇన్‌టేక్ వాల్వు అప్పుడే తెరుచుకోవడం మొదలుపెడుతుంది. రెండూ కాస్త కాస్త తెరిచి ఉండే ఈ సమయం పేరే ఓవర్‌ల్యాప్. సుమారుగా టీడీసీకి 10, 15 డిగ్రీల ముందు ఎగ్జాస్ట్ వాల్వుకి పిస్టన్ బాగా దగ్గరవుతుంది. టీడీసీ దాటాక ఇంచుమించు అన్నే డిగ్రీలకి ఇన్‌టేక్ వాల్వుకి దగ్గరవుతుంది.

ఈ రెండిట్లో ఎగ్జాస్ట్ వైపే భయం ఎక్కువ. అక్కడ వాల్వు మూసుకుంటూ పైకి పోతుంటే పిస్టన్ వెనకాలే తరుముకొస్తుంటుంది. ఇన్‌టేక్ దగ్గర అలా కాదు, పిస్టన్ కిందకి పారిపోతుంటే వాల్వు దాని వెంట పడుతుంది. పైగా ఎగ్జాస్ట్ వాల్వు బాగా వేడెక్కి సాగుతుంది. నిమిషానికి 9000 ఆర్‌పీఎం అంటే సెకనుకి 150 చుట్లు, అంటే ఒక్కో వాల్వు సెకనుకి 75 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. స్పీడు హద్దు దాటితే స్ప్రింగు ఆ వాల్వుని టైముకి వెనక్కి లాగలేదు. దాన్నే వాల్వు ఫ్లోట్ అంటారు. గేరు తగ్గించి రేజ్ ఇచ్చినప్పుడు మాకు జరిగింది అదే. మామూలు స్పీడులో మూడు రోజులు తగలకుండా తప్పించుకున్న వాల్వు ఆ ఒక్క క్షణం ఆలస్యమైంది.

అందుకే ఖాళీ కాస్త ఎక్కువే ఉంచుతారు. కార్ల ఇంజన్లు ట్యూన్ చేసేవాళ్లు ఎప్పట్నుంచో వాడే బండ లెక్క ఒకటుంది. ఇన్‌టేక్ వైపు 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు 2.5. వాల్వు అంచుకీ, పిస్టన్ మీద దానికోసం తవ్విన గుంట అంచుకీ మధ్య పక్కల కూడా ఒకటిన్నర మిల్లీ దాకా ఉండాలంటారు. చిన్న బైకు ఇంజన్లకి క్యామ్ చేసినవాళ్లు వేరే అంకె ఇస్తారు. అప్పుడు ఆ అంకే ప్రమాణం.

విడివిడిగా అన్నీ కరెక్టే

కొత్త పిస్టన్, కొత్త వాల్వులు వచ్చాక తాత అదే కిట్ హెడ్డు, అదే క్యామ్ మళ్లీ పెట్టి నాకోసం కొలిచి చూపించాడు. పద్ధతి మీరు కూడా తెలుసుకోవాలి కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నా.

బంకమట్టి అంటే నిజంగా చెరువు మట్టి కాదు. పిల్లలు బొమ్మలు చేసుకునే క్లే. ఫ్యాన్సీ షాపులో పది రూపాయలకి వస్తుంది. దాన్ని చిన్న బిళ్లలుగా చేసి, పిస్టన్ మీద వాల్వు గుంటలున్న చోట అంటించాడు. వాల్వుకి అంటుకోకుండా పైన రెండు చుక్కల ఆయిల్ రాశాడు. పాత గ్యాస్కెట్ పెట్టి, దాని మీద హెడ్డు దించి, మామూలుగా ఎంత బిగిస్తారో అంతే బిగించాడు. గ్యాస్కెట్ నొక్కుకుపోయాక ఉండే మందమే లెక్క కాబట్టి ఊరికే పెట్టి చూస్తే ఖాళీ ఎక్కువ ఉన్నట్టు మోసం చేస్తుందట. టైమింగ్ చైన్ వేసి, మార్కులు కలిపి, టాపెట్ సెట్ చేశాడు.

తర్వాత క్రాంక్ నట్టుకి స్పానర్ వేసి చేత్తో నెమ్మదిగా తిప్పాడు. బండి తిరిగే దిక్కులోనే, రెండు పూర్తి చుట్లు. సెల్ఫ్ కొట్టకూడదు, కిక్ కొట్టకూడదు. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలితే బలం పెట్టకూడదు. “తగిలిందంటే అది నీకు మాట చెప్తోంది. వినాల, తొయ్యకూడదు” అన్నాడు.

మళ్లీ హెడ్డు దించాడు. క్లే మీద రెండు వాల్వుల అచ్చులు పడి ఉన్నాయి. బ్లేడుతో అడ్డంగా కోసి, అన్నిటికంటే పల్చగా ఉన్న చోట వెర్నియర్ పెట్టి చదివాడు. చదివింది గోడకి ఆనించి ఉన్న విరిగిన పలక ముక్క మీద బలపంతో రాశాడు. ఇన్‌టేక్ 1.3. ఎగ్జాస్ట్ 0.7.

అప్పుడు నేను కిట్ డబ్బా తెప్పించి, అడుగున మడతపెట్టి ఉన్న కాగితం తీసి చదివా. ఇంగ్లీషే. మూడో పాయింట్: వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఖాళీ తప్పనిసరిగా చెక్ చేసుకోవాలి, ఇన్‌టేక్ కనీసం 1.0, ఎగ్జాస్ట్ కనీసం 1.5. హెడ్డు గీస్తే మళ్లీ కొలవాలి.

అంటే కిట్ తప్పు కాదు. నాకొచ్చిన ఇంగ్లీష్ హెడ్డింగ్ చదవడానికి సరిపోయింది, కాగితం చదవడానికి సరిపోలేదు.

ఇక లెక్క చూడండి. హెడ్డు అర మిల్లీ గీయించాం. అంటే వాల్వు అర మిల్లీ పిస్టన్‌కి దగ్గరైంది. అక్కడితో అయిపోలేదు. హెడ్డు కిందకి దిగితే పైనున్న క్యామ్‌కీ కిందున్న క్రాంక్‌కీ మధ్య దూరం తగ్గుతుంది. చైన్ పొడవు మాత్రం అంతే ఉంటుంది. ఆ లూజుని టెన్షనర్ లాగేసుకుంటుంది, దాంతో క్యామ్ కొంచెం వెనకబడుతుంది. క్యామ్ వెనకబడితే ఎగ్జాస్ట్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది, అంటే తరుముకొచ్చే పిస్టన్‌కి ఇంకా దగ్గర. అక్కడ ఇంకో 0.3 పోయింది. అదే ఇన్‌టేక్ వైపు వాల్వు ఆలస్యంగా తెరుచుకుంటుంది కాబట్టి కొంత కలిసొచ్చింది. అందుకే ఇన్‌టేక్ పాసైంది, ఎగ్జాస్ట్ ఫెయిలైంది. గీయించకుండా ఉంటే సరిగ్గా 1.5 దగ్గర బయటపడేవాళ్లం.

మంచి హెడ్డు, మంచి క్యామ్, చక్కగా చేసిన లేతు పని. విడివిడిగా దేనికదే కరెక్ట్. కలిపితేనే తేడా వచ్చింది.

మన బ్రాంచ్ వాళ్లకి ఇది కొత్త కథేం కాదు. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ మొదటిసారి ఎగిరి 40 సెకన్లలోపే దారి తప్పి పేలిపోయింది. దాని దిశ చూసే సాఫ్ట్‌వేర్‌ని ఏరియన్ 4 నుంచి తెచ్చి పెట్టారు. పాత రాకెట్‌లో అది బాగానే పనిచేసింది. కొత్త రాకెట్ అడ్డం దిక్కులో ఇంకా వేగంగా పోతుంది. దాంతో 64 బిట్ల అంకె ఒకటి 16 బిట్ల ఇంటీజర్‌లో పట్టక ఓవర్‌ఫ్లో అయింది. కొత్త రాకెట్ దారికి సంబంధించిన లెక్కలతో ఆ భాగాన్ని ముందే టెస్ట్ చేసి ఉంటే తెలిసిపోయేది. పాత చోట పనిచేసింది కదా, ఏం కాదులే అనుకున్నారు. గిద్దలూరులో నేనన్నదీ, అక్కడ అంత పెద్ద ఇంజనీర్లు అనుకున్నదీ ఒకటే మాట. ఈ పోలిక నాకు ఓదార్పు కాదు. ఎంత చదివినా ఆ మాట వదలదని భయం.

“మాకు రేసు పిచ్చి లేదుగా”

ఈపాటికి కొందరు అనుకుంటుంటారు. మాది మామూలు బండి, మేం క్యామ్‌లు మార్చం, ఇదంతా మాకెందుకు అని. నేనూ తాతతో అదే అన్నా. ఆయన నవ్వి తన కథ చెప్పాడు.

ఆయన ఈ పని నేర్చుకుంది బైకుల మీద కాదు. కుర్రతనంలో కంభం చెరువు కింద పొలాల్లో ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. ఆ డీజిల్ ఇంజన్లలో పిస్టన్ పైకొచ్చినప్పుడు హెడ్డుకి చాలా దగ్గరగా వచ్చి ఆగుతుంది. ఆ ఖాళీని బంపింగ్ క్లియరెన్స్ అంటారు. అప్పట్లో క్లే ఎక్కడిది? సీసపు ఫ్యూజు తీగ ముక్క పిస్టన్ మీద పెట్టి, హెడ్డు బిగించి, ఫ్లైవీల్ చేత్తో తిప్పి, మళ్లీ విప్పి, ఆ తీగ ఎంత మందానికి నలిగిందో కొలిచేవాళ్లు. “ఎండాకాలం రైతు నీళ్లకి చూస్తా ఉంటాడు. ఇంజన్ మళ్లీ ఆగిందంటే పైరు పోద్ది. అందుకే రెండుసార్లు విప్పినా పర్లేదనుకునేవాళ్లం” అన్నాడు.

ఇప్పుడు ఆయిల్ ఇంజన్లు పోయాయి, కానీ మన పశ్చిమ ప్రకాశంలో ఎండలు పోలేదు. వేసవిలో రేడియేటర్‌లో నీళ్లు తగ్గి ట్రాక్టర్ వేడెక్కుతుంది, హెడ్డు వంకర పోతుంది, గ్యాస్కెట్ కొట్టేస్తుంది. హెడ్డు దించి లేతు మీద గీయించడం మన దగ్గర రేసింగ్ పని కాదు, రోజువారీ రిపేరు. డీజిల్ హెడ్డులో వాల్వు ముఖం హెడ్డు మట్టానికి ఎంత లోపలుండాలో కంపెనీ ఒక కొలత ఇస్తుంది. హెడ్డు గీసిన ప్రతిసారీ ఆ లోతు తగ్గుతుంది. మళ్లీ సీటు కోసి వాల్వుని లోపలికి దించకపోతే అది పిస్టన్‌కి ఎదురొస్తుంది. కంపెనీ గ్యాస్కెట్ బదులు పల్చటిది వేసినా, వేరే పిస్టన్ వేసినా ఇదే గొడవ. అంటే మనకి తెలియకుండానే మన ఇళ్లలో ‘మోడిఫికేషన్’ జరుగుతూనే ఉంది. దానికి ఆ పేరు పెట్టలేదంతే.

ఇంకో అభ్యంతరం చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాట గట్టిగానే చెప్పింది. కాబట్టి రోడ్డు మీద తిరిగే బండికి ఇలాంటి కిట్లు వేయండని నేను చెప్పడంలేదు. మా అన్న బండికి తాత ఆఖరికి పాత హెడ్డు, పాత క్యామే వేశాడు. నాకు బెంగ ఏంటంటే, ‘చేయకూడదు’ అన్న మాటతో మనం ఆగిపోతాం, చేసేవాళ్లు మాత్రం కొలవకుండా చేస్తూనే ఉంటారు. ట్రాక్ కోసం కట్టే బండికైనా, ట్రాక్టర్ రిపేరుకైనా కొలత ఒకటే.

మూడోది టైము, డబ్బు. “రెండుసార్లు హెడ్డు దించి ఎక్కిస్తే ఆ లేబర్ ఎవరిస్తారు?” అని గిద్దలూరు కుర్రాడే తర్వాత నన్నడిగాడు. న్యాయమైన ప్రశ్న. దానికి నా జవాబు: మనం ఇవ్వాలి. గంటన్నర పని అది. మేం అది ఆదా చేసి పిస్టన్, వాల్వులు, గైడు, లేబర్ కలిపి పదకొండు వేలు కట్టాం. కిట్ డబ్బులు వేరే. షెడ్డు వాళ్లు కొలవట్లేదని తిట్టేముందు, కొలిస్తే డబ్బులిచ్చే కస్టమర్లం మనం అయ్యామా అని చూసుకోవాలి. బేరమాడి మూడొందలు తగ్గించింది మేమే.

నాలుగోది అనుభవం. “ఇరవయ్యేళ్ల చెయ్యి, చూస్తే తెలిసిపోద్ది” అనేవాళ్లున్నారు. తాతది నలభయ్యేళ్ల చెయ్యి. కొలవకుండా ఏదీ చెప్పనన్నది ఆయనే.

అలాగని క్లే దేవుడేం కాదు. చేత్తో తిప్పినప్పుడు ఉన్న ఖాళీ అంతా పరుగులో ఉండదు, అందుకే ఆ 1.5, 2.5 లాంటి మార్జిన్లు. స్ప్రింగు పూర్తిగా నొక్కుకున్నప్పుడు చుట్టలు ఒకదానికొకటి ఆనుకుంటున్నాయా, పైనున్న రిటైనర్ కిందున్న గైడు సీల్‌ని తాకుతోందా అన్నది విడిగా చూడాలి. సౌకర్యం ఉంటే అసలు స్ప్రింగుల బదులు మెత్తటి స్ప్రింగులు వేసి, డయల్ గేజ్ పెట్టి, టీడీసీకి అటూ ఇటూ రెండేసి డిగ్రీలకి ఒకసారి వాల్వుని చేత్తో నొక్కి పిస్టన్‌కి ఎక్కడ తగులుతుందో చదవచ్చు. ఖాళీ చాలకపోతే దారులున్నాయి: మందం గ్యాస్కెట్, పిస్టన్ మీద గుంట లోతు చేయించడం, క్యామ్ టైమింగ్ సర్దడం. ప్రతిదానికీ ఒక ధర ఉంది. గ్యాస్కెట్ మందం పెంచితే కంప్రెషన్ తగ్గుతుంది. గుంట ఎక్కువ తవ్వితే పిస్టన్ నెత్తి పల్చబడుతుంది. క్యామ్ ముందుకి జరిపితే ఎగ్జాస్ట్ వైపు పెరిగింది ఇన్‌టేక్ వైపు తగ్గుతుంది. ఏ దారి పట్టాలన్నా ముందు అంకె చేతిలో ఉండాలి కదా.

మరి మనమేం చేద్దాం?

మన మెకానికల్ బ్లాక్‌లో ఐసీ ఇంజన్స్ ల్యాబ్ ఉంది. అందులో వాల్వ్ టైమింగ్ డయాగ్రమ్ అనే ప్రయోగం చేయిస్తారు. కోసి చూపించే మోడల్ ఇంజన్ ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పి, ఏ వాల్వు ఏ డిగ్రీ దగ్గర తెరుచుకుందో, మూసుకుందో రాసుకుని, గుండ్రంగా బొమ్మ గీసి రికార్డులో అంటించడం. నా రూమ్మేట్ ఆ రికార్డు ఎలా రాశాడో నేను చూశా. సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని.

ఆ ప్రయోగానికి ఒక్క క్లే ముద్ద, ఒక వెర్నియర్ కలపమని నేను అడుగుతున్నా. ల్యాబ్‌లో పాత సింగిల్ సిలిండర్ ఇంజన్ ఒకటి ఉంటే చాలు. ఒక బ్యాచ్ మామూలు గ్యాస్కెట్‌తో కొలవాలి, ఇంకో బ్యాచ్ మందం గ్యాస్కెట్‌తో, మరో బ్యాచ్ చైన్ ఒక పన్ను జరిపి, స్పానర్‌తో మాత్రమే జాగ్రత్తగా తిప్పి కొలవాలి. అప్పుడు ఎవరి అంకె వాళ్లకే వస్తుంది. సీనియర్ రికార్డులోంచి దించుకోవడానికి కుదరదు. కావాలంటే మా సీఎస్‌ఈ వాళ్లం వచ్చి ఆ అంకెల్ని గ్రాఫ్ గీసే ప్రోగ్రామ్ రాసిస్తాం. ఊరికే, బిర్యానీ కూడా అడగం.

ఇక ఈ క్లబ్బుకి నా రెండో విన్నపం. ఆ కిట్ కాగితాన్ని నేను తెలుగులో ఒక పేజీకి రాశా. అనువాదం అనను, తాత నోటివెంట వచ్చిన మాటలతో రాశా. ‘క్లియరెన్స్’ అన్న చోట ‘ఖాళీ’, ‘వెరిఫై’ అన్న చోట ‘కొలిచి చూడు’. పది వాక్యాలకి నాకు రెండు రాత్రులు పట్టింది, ‘నొక్కుకుపోయాక’ సరిగ్గా రాయడానికి మూడుసార్లు మా అమ్మని అడిగా. దాన్ని ప్రింట్ తీసి గిద్దలూరు షెడ్డు కుర్రాడికి ఇచ్చా. ఆయన తెలుగు మీడియంలో పది దాకా చదివాడు. చదివి, “ఇది డబ్బాలోనే ఉందా?” అన్నాడు. ఉంది అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత దాన్ని టూల్ బోర్డు మీద అంటించాడు.

తెలుగు సాహిత్య క్లబ్బు అంటే కవితల పోటీలు, ఉగాది సంచికలే అనుకున్నా ఇన్నాళ్లూ. అవి కావాలి. దాంతోపాటు ఏడాదికి పది ఇలాంటి పేజీలు మనం రాసి ఇవ్వలేమా? బోరు మోటారు వైండింగ్ మీద ఒకటి, ఇంటికి ఎర్తింగ్ ఎలా చూసుకోవాలో ఒకటి, ట్రాక్టర్ హెడ్డు మీద ఒకటి. ఇంగ్లీష్ చదవగలిగిన మనం హెడ్డింగ్ చదివి ‘ఏం కాదులే’ అంటే, చదవలేనివాళ్లు మన మాట నమ్మి ఘాట్ రోడ్డు ఎక్కుతారు. మా అన్న ఎక్కాడు, నన్ను వెనక కూర్చోబెట్టుకుని.

అన్న ఇప్పుడు నాతో బాగానే మాట్లాడుతున్నాడు. మొన్న ఫోన్‌లో కొత్త టైర్లు ఏవో చూసి, లింక్ పంపి, “సరిపోద్దా?” అని అడిగాడు. సైజు అంకెలు ఫొటో తీసి పంపమన్నా. “ఏం కాదులే అనవేంట్రా?” అని నవ్వాడు.

ఫొటో వచ్చేదాకా జవాబు చెప్పలేదు.